"మా హద్దు కాదమ్మా"

పోయిన సంవత్సరం శ్రావణమాసంలో ఒకనాటి సాయంత్రం మా వీధిలో ఉండే ఒకామె మా ఇంటికొచ్చింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టి సంసారం లాక్కొస్తున్న మనిషి. భర్త బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తూ రెండు నెలలకోసారి వచ్చిపోతుంటాడు. వచ్చి కూర్చుంది గానీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. తర్వాత అంది:

"అక్కా, పాపను సదువు మానిపిస్తాండాం. ఆలూరు తట్టు నుంచి ఒక సంబంధం వచ్చింది. అదేమో ఏడుస్తాంది. నువ్వు చెప్తే ఇంటుంది. ఒక మాట చెప్పు."

ముప్ఫై ఏళ్ళుగా మహిళా సంఘంలో తిరుగుతున్నాను. ఆడపిల్లల చదువు మానిపించవద్దని చెప్పడానికి ఎన్ని గడపలు ఎక్కానో లెక్కలేదు. మానిపించడానికి సాయం రమ్మని నన్ను అడిగింది మాత్రం ఈమె ఒక్కతే. ఎందుకు మానిపిస్తున్నారో తల్లి చెప్పలేదు. మరునాడు పాపే చెప్పింది.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. పొద్దున గుంతకల్లులో రైలెక్కి అనంతపురం పోతుంది, రాత్రికి తిరిగొస్తుంది. మూడు నెలలుగా ఒకడు వెంటబడుతున్నాడు. పొద్దున ప్లాట్‌ఫామ్ మీద ఉంటాడు. ఆమె ఎక్కిన పెట్టెలోనే ఎక్కుతాడు. అనంతపురంలో దిగి ఇంకో ఆటోలో యూనివర్సిటీ గేటు దాకా వస్తాడు. రాత్రి మన స్టేషన్లో దిగాక ఇల్లు చేరేదాకా పది అడుగుల వెనక నడుస్తాడు. ఫోన్ నంబరు ఎట్లా సంపాదించాడో గానీ, రోజుకు ఇరవై ముప్ఫై మెసేజిలు. చివరికి ఒకటి: "నాకు కాకుంటే ఎవురికీ కావు."

మూడు నెలలు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే మొదట నా సదువే మానిపిస్తారని తెలుసు పెద్దమ్మా" అంది. తెలిసినట్టే జరిగింది.

మేం ముగ్గురం కలిసి ఫిర్యాదు ఇవ్వడానికి బయలుదేరాం. ఏ ఊళ్ళో, ఏ స్టేషన్లో అనేది ఇక్కడ రాయడం లేదు. ఒక స్టేషన్ పేరు రాస్తే మిగతా స్టేషన్లన్నీ మంచివని అర్థం వస్తుంది. మూడు చోట్లకు పోయాం. మొదటి చోట, "రైల్లో జరిగిందంటున్నారు గదా, రైల్వే పోలీసుల దగ్గరికి పోవాల" అన్నారు. రెండో చోట, "రైల్లో వాడేం చేసినాడు? ఊరికే కూర్చున్నాడు. కూర్చునేది నేరమా? వెంటబడింది రోడ్డు మీద. అది మా హద్దు కాదమ్మా" అన్నారు. మూడో చోట అడిగిన ప్రశ్న, "యూనివర్సిటీ గేటు లోపలా, బయటా?" బయట అన్నాం. "బయటైతే మీ ఊళ్ళోనే ఇచ్చుకోండి."

మూడు చోట్లా ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడిగారు. "ముట్టుకున్నాడా?"

ఆ మధ్యలో ఒక పెద్దాయన, హెడ్ కానిస్టేబులు, మంచినీళ్ళు తెప్పించి ఇచ్చి నెమ్మదిగా చెప్పాడు: "పెండ్లి కావాల్సిన పిల్ల. పేరు కాగితం మీద పడితే మాసిపోదు. మీ మంచికే చెప్తాండా." తన కూతురికైనా ఆయన అదే సలహా ఇచ్చి ఉండేవాడు. అందుకే నాకు ఆయన మీద కోపం రాలేదు. భయం వేసింది.

క్యాంపస్ పరిసరాల్లో భద్రత అనగానే మనకు పెద్ద నగరాలే గుర్తొస్తాయి. గేటు ఎదుట టీ బంకులు, వెనక వీధుల్లో అద్దె గదులు, లేడీస్ హాస్టళ్ళు. కానీ అనంతపురం సంగతి చూడండి. 1981 నుంచి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, ఊరికి పది కిలోమీటర్ల దూరంలో. 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ 2008లో జె.ఎన్.టి.యు. అనంతపురం అయింది. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. వీటికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లల్లో హాస్టల్లో చోటు దొరకనివాళ్ళుంటారు, దొరికినా మెస్ బిల్లు కట్టలేనివాళ్ళుంటారు. గుత్తి, పామిడి, గుంతకల్లు, ధర్మవరం నుంచి రోజూ వచ్చిపోతారు. వీళ్ళకు క్యాంపస్ పరిసరాలు అంటే యూనివర్సిటీ ప్రహరీగోడ పక్క వీధి కాదు. డెబ్భై కిలోమీటర్ల అవతల ఇంటి గుమ్మం దాకా ఉన్న దారంతా పరిసరాలే. ఆ దారిలో ఎవరి హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చదువుకున్న నాకే మూడు స్టేషన్లు తిరిగాక గానీ అర్థం కాలేదు.

చెప్తాను. రైల్వే స్టేషన్లో రెండు రకాల పోలీసులుంటారు. ఆర్.పి.ఎఫ్. కేంద్రానిది, రైల్వే ఆస్తికీ ప్రయాణికులకూ రక్షణగా ఉండే దళం. జి.ఆర్.పి. రాష్ట్ర పోలీసు శాఖలో భాగం. రైల్లోనో ప్లాట్‌ఫామ్ మీదనో నేరం జరిగితే కేసు కట్టేది వాళ్ళు. స్టేషన్ ఆవరణ దాటితే టౌన్ పోలీసులు. అవతల యూనివర్సిటీ గేటు లోపల సెక్యూరిటీ గార్డులు, వాళ్ళపైన రిజిస్ట్రారు. వెంటబడేవాడు పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఈ నలుగురి హద్దులూ దాటుతూ పోతాడు. ఏ ఒక్కరి హద్దులోనూ వాడు చేసింది "పెద్ద విషయం"గా కనబడదు. ఆ పిల్ల రోజంతటినీ ఒక్కటిగా చూస్తేనే అది నేరం అని తెలుస్తుంది.

ఈ హద్దుల మాట విన్నప్పుడల్లా నాకు 2019 నవంబరు 27 రాత్రి గుర్తొస్తుంది. శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు కనబడకుండా పోయిన రాత్రి ఆమె కుటుంబం ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరిగింది. అది మా పరిధి కాదు అనే మాటకే ఎంతో విలువైన సమయం పోయింది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. దేశమంతా అట్టుడికింది. డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ కథ నమ్మదగినది కాదని, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చేసరికి పూలు చల్లినవాళ్ళు దాన్ని చదవలేదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినప్పుడూ ఇంతే. మూడు రోజుల్లో ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్లో పోయారు. అంతకుముందే వేధింపుల గురించి పోలీసులకు చెప్పుకున్నాం, పట్టించుకోలేదు అని అమ్మాయి కుటుంబం అన్న మాట ఆ తుపాకుల చప్పుడులో వినబడకుండా పోయింది. ఫిర్యాదు తీసుకోని తప్పును తుపాకీతో కప్పిపెట్టడం మనకు న్యాయంగా చూపిస్తున్నారు. సంఘాల్లో పనిచేసే మనలో కూడా కొందరు ఆ రోజుల్లో మెత్తబడ్డారు. ఆ సంగతి మనం ఇంకా సరిగ్గా మాట్లాడుకోలేదు.

2019 తర్వాత ఒక మంచి జరిగింది. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలనే జీరో ఎఫ్.ఐ.ఆర్. గురించి మామూలు జనానికి తెలిసింది. 2024 జూలై 1 నుంచి అది చట్టంలోనే ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సరే, చెప్పిన చోట రాసుకోవాలి. ఈ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుపోయి మూడో స్టేషన్లో చూపించాను. అప్పుడు కూర్చోమన్నారు. ఫిర్యాదు తీసుకున్నారు. ఎఫ్.ఐ.ఆర్. కాదు, అర్జీ. రసీదు అడిగితే "సారు వచ్చినాక" అన్నారు. వాణ్ణి పిలిపించి మందలించి పంపారట. దానికి కౌన్సెలింగ్ అని పేరు. మూడు వారాలు వాడు కనబడలేదు. నాలుగో వారం మళ్ళీ ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాడు.

ఇక్కడ చట్టంలోని ఒక కంత గురించి చెప్పాలి. ఇది మన కార్యకర్తల్లో చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో వచ్చిన సవరణతో వెంటబడటం మొదటిసారి నేరంగా గుర్తింపు పొందింది. ఐ.పి.సి. 354-డి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే అయిదేళ్ళ దాకా శిక్ష. ఫోన్లో, ఇంటర్నెట్లో వెంటబడినా అదే సెక్షన్. "ముట్టుకున్నాడా" అనే ప్రశ్నకు ఈ సెక్షన్లో చోటే లేదు. అదే 2013 సవరణలో ఇంకో సెక్షన్ కూడా వచ్చింది. స్త్రీలపై నేరాల ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికే శిక్ష వేసే 166-ఎ. ఇప్పుడది 199. ఏయే నేరాల ఫిర్యాదు తీసుకోకపోతే శిక్ష పడుతుందో అందులో జాబితా ఉంది. అత్యాచారం ఉంది, యాసిడ్ దాడి ఉంది, బట్టలు లాగడం ఉంది, అవమానించే మాటలూ సైగలూ కూడా ఉన్నాయి. వెంటబడటం లేదు. పాత చట్టంలోనూ లేదు, కొత్త చట్టంలోనూ లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నేరం ముదరక ముందే ఆపగలిగిన ఒకే ఒక్క ఫిర్యాదును తీసుకోకపోయినా ఆ అధికారికి ఈ సెక్షన్ కింద ఏమీ కాదు. ఫిర్యాదులో నేరం కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులోనే చెప్పింది. చెప్పింది గనుక మనం అడగవచ్చు. అడగడానికి ఎంతమంది తల్లులు మూడు స్టేషన్లు తిరుగుతారు?

2020 డిసెంబరులో ధర్మవరం దగ్గర జరిగింది మన జిల్లావాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి ధర్మవరం అనంతపురం జిల్లాలోనే ఉంది. అనంతపురం నుంచి అక్కడికి ఉద్యోగానికి పోయివచ్చే పంతొమ్మిదేళ్ళ దళిత అమ్మాయిని చంపి పొలాల్లో కాల్చారు. వేధింపుల గురించి ముందే పోలీసులకు చెప్పుకున్నామని కన్నవాళ్ళు ఏడ్చారు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పరమాయకుంట దగ్గర నడిరోడ్డు మీద ఇంజనీరింగ్ విద్యార్థినిని పొడిచి చంపారు. ఆమే దళిత అమ్మాయే. జెండా పండుగ నాటి పొద్దున, పదిమంది చూస్తుండగా. వారంలో చార్జిషీటు వేశారు, 2022 ఏప్రిల్లో కోర్టు మరణశిక్ష వేసింది. శిక్ష పడినప్పుడు వేగం గురించి గొప్పగా చెప్పారు. ఆ వేగం చావుకు ముందు ఒక్క కేసులో చూపిస్తే బాగుండేది.

గుంటూరులో జరిగింది పట్టపగలు. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది హాస్టల్ లోపలే. ఆ కేసులో శిక్షపడిన యువకుణ్ణి 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. ఈ రెండూ తెలిసి కూడా మన కాలేజీల పెద్దలకు తోచే ఉపాయం ఒకటే. హాస్టల్ గేటు సాయంత్రం ఆరుకు మూసేయడం. స్త్రీల భద్రత పేరుతో, అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్ళలో పెట్టకూడదని యు.జి.సి. 2015 నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధనల పుస్తకం ఎన్ని హాస్టల్ ఆఫీసుల్లో ఉందో మీ మీ ఊళ్ళలో వెళ్ళి అడగండి. ప్రైవేటు హాస్టళ్ళ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ల్యాబు ఆరున్నరకు అయిపోతే గేటు ఏడుకు మూస్తారు. ఆ అరగంటలో ఆటో దొరకని పిల్ల గేటు బయట రోడ్డు మీద నిలబడాలి. భద్రత కోసం పెట్టిన తాళమే ఆ పిల్లను చీకట్లో నిలబెడుతుంది.

"ఆ టైములో ఆడదానికి బయట ఏం పని?" అన్న ప్రశ్న కొత్తది కాదు. 1978 మార్చిలో హైదరాబాదులో రమీజాబీ భర్తతో కలిసి రాత్రి సినిమా చూసి తిరిగి వస్తోంది. పోలీసులే పట్టుకుపోయి అత్యాచారం చేశారు. అడిగిన భర్తను కొట్టి చంపారు. అది నల్లకుంట పోలీస్ స్టేషన్, ఉస్మానియా యూనివర్సిటీకి దగ్గర్లోనే. ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని చెప్పింది. విచారణ పొడవునా ఆమె నడవడి మీదే ప్రశ్నలు. కేసును రాయచూరుకు మార్చారు, 1981లో అక్కడ అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. రాయచూరు మాకు దూరం కాదు, గుంతకల్లు నుంచి బొంబాయి లైనులోనే ఉంది. ఆ కోర్టుకు పోయిన స్త్రీలు మన ప్లాట్‌ఫామ్ మీదుగా పోయి ఉంటారా అని అప్పుడప్పుడు అనుకుంటాను. అంతకు నాలుగేళ్ళ ముందు, 1974లో, అదే ఉస్మానియాలో ఆడపిల్లలు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టి, ఈవ్ టీజింగ్ మీద, కట్నం మీద కదిలారు. మనం ఈనాడు ఒక సంఘంగా కూర్చుని మాట్లాడుకుంటున్నామంటే దాని మొదలు ఒక యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఈ సంగతి ఇప్పటి విద్యార్థినులకు ఎవరూ చెప్పడం లేదు. చెప్పాల్సింది మనమే.

నేను 1980లలో ఇదే లైనులో తిరిగి చదువుకున్నాను. అప్పుడు మా ఆయుధం పిన్నీసు. పైటకు రెండు, జడలో ఒకటి. ఇప్పటి పిల్లల ఫోన్లలో 2020లో దిశ యాప్ వచ్చింది, 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. ఉపయోగం లేదని నేనను. కానీ పిన్నీసుకు సిగ్నల్ అక్కర్లేదు. రైల్వేవాళ్ళు 2020లో మొదలుపెట్టిన మేరీ సహేలీ మంచి ఏర్పాటే, అయితే అది దూరప్రయాణం చేసే ఒంటరి స్త్రీల కోసం. రోజూ డెబ్భై కిలోమీటర్లు పోయివచ్చే విద్యార్థిని ఆ లెక్కలోకి రాదు. కోవిడ్ సమయంలో 2020 మార్చిలో ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయి. తిరిగి నడిచాక చాలావాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 చేశారు. 2024 ఫిబ్రవరిలో గానీ తగ్గలేదు. ఈ మధ్యకాలంలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళ మీద ఏ నేరమూ జరగలేదు గనుక వాళ్ళు ఏ లెక్కలోనూ లేరు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. దీని మీద మగవాళ్ళు వేసే జోకులు విని విని విసుగొచ్చింది. ఈ పథకం వల్ల రాత్రిపూట బస్సులో పదిమంది ఆడవాళ్ళు ఎక్కువ కనబడుతున్నారు. ఆ పదిమంది ఉన్న బస్సులో పదకొండో ఆడపిల్లకు ధైర్యం. సీసీ కెమెరాల కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. అయితే ఆ బస్సు ల్యాబు వదిలాక దొరకాలి. యూనివర్సిటీ టైంటేబులు వేసేవాళ్ళూ, బస్సు టైములు వేసేవాళ్ళూ, రైలు టైములు వేసేవాళ్ళూ ఒక్కసారి ఒక గదిలో కూర్చోవాలని మనం ఎన్నడైనా అడిగామా? అత్యాచారం జరిగితే ధర్నా చేశాం. బస్సు టైము కోసం ధర్నా చేయడం చిన్నతనం అనుకున్నాం.

మా ప్రాంతంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. శెనక్కాయ పెట్టినవాళ్ళు పెట్టుబడి పోగొట్టుకుని వలస పోతుంటారు. ఇట్లాంటి చోట ఒక సెంట్రింగు కూలీ తన కూతుర్ని ఎమ్మెస్సీ దాకా చదివించాడంటే ఆ ఇంట్లో ఎన్ని అప్పులున్నాయో ఊహించుకోవచ్చు. "మా పరిధిలో అట్లాంటి కేసులు తక్కువ" అని అధికారులు మీటింగుల్లో చెప్తుంటారు. నిజమే. కేసు కావలసింది పెళ్ళి అయిపోతోంది. వెంటబడినవాడు ప్లాట్‌ఫామ్ మీద ఉంటాడు, చదువుకునే పిల్ల అత్తగారింట్లో ఉంటుంది. ఊళ్ళో శాంతిభద్రతలు బాగున్నాయి.

ఆ తల్లితో నేను చాలా రాత్రులు మాట్లాడాను. ఆమెను నిందించలేను. భర్త ఊళ్ళో లేడు. రేపేదైనా జరిగితే "ముందే తెలిసి ఎందుకు పంపినావు" అని అడిగేది ఆమెనే. సంబంధాన్ని పరీక్షలయ్యేదాకా ఆపమన్నాను. ఆపింది. మా సంఘంలో నలుగురం వంతులు వేసుకుని రాత్రి బండి వేళకు స్టేషన్‌కు పోతున్నాం. ఆ పిల్లతోపాటు ఇంకో ముగ్గురు ఆడపిల్లలు దిగుతారని అప్పుడే తెలిసింది. ఇప్పుడు అందరూ కలిసి నడుస్తున్నారు. మేం వెనక నడుస్తున్నాం. కాపలా కాయడానికా సంఘం పెట్టుకున్నది అని మా వాళ్ళలో ఒకామె అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. వాడు మాత్రం మమ్మల్ని చూసి టీ బంకు దగ్గరే ఆగిపోతున్నాడు. ఇంటికి పోవడం లేదు, ఆగుతున్నాడు.

అర్జీకి రసీదు ఇంకా ఇవ్వలేదు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. ఈసారి 173, 78 రెండు సెక్షన్లూ పైన రాసి, ఆ మెసేజిలన్నీ కాగితాల మీద తీయించి జతచేశాం. పాప సంతకం చేసింది. ఆమె పేరు కింద ఇంకో సంతకం కూడా ఉంది. జాకెట్ల చిట్టా పుస్తకంలో లెక్కలు రాసుకునే ఆ తల్లి, నన్నడగకుండానే పెన్ను తీసుకుని తన పేరు రాసింది.